చాలు వంకరైనను మట్టము తప్పరాదు



అడ్డగీత అనగానే పలకపై గీసిన గీత గుర్తుకు వచ్చును. కాని నేలపై నిజమైన అడ్డగీతను గీయునది నీరు. నిలకడగా నున్న చెరువులో నీరు ఒడ్డును తాకు గీత ఎన్ని వంకరలు తిరిగినను అంతట ఒకే ఎత్తున నుండును. తాపీమేస్త్రీ రసమట్టముతోను, నీటి గొట్టముతోను వెదకునది దానినే. వరద దిగిన గోడపై మిగులు బురద చారయు అట్టిదే.

2000 ఆగస్టు 24న బేగంపేట వాతావరణ కేంద్రములో ఒక్క దినమునకు సుమారు 24 సెంటీమీటర్ల వాన నమోదైనది. హైదరాబాదులో పల్లపు బస్తీలు నీట మునిగినవి. అంతటి వానను చేని గట్టు ఆపజాలదు. కాని ఒక్క సెంటీమీటరు వాన కూడ ఎకరమునకు 40 వేల లీటర్ల నీరు. దానిని ఆపుట మన చేతిలోనిది. వాలు వెంట దున్నిన ప్రతి చాలు కాలువయై, నీటితోబాటు మేలిమట్టిని, వేసిన ఎరువును కొనిపోవును. వాలుకు అడ్డముగా, మట్టము వెంట దున్నినచో ప్రతి చాలు ఒక చిన్న గట్టగును. నీరు నిలిచి నేలలో ఇంకును.

మట్టము కనుగొనుటకు ఖర్చు లేదు. రెండు సమానమైన కర్రల కొనలు జతగా కట్టి, కాళ్లు ఎడము చేసి, నడుమ అడ్డపుల్ల బిగించి, పైముడి నుండి దారముతో రాయిని వ్రేలాడదీయవలెను. దీనిని నేలపై నిలిపి, దారము పుల్లను తాకుచోట గుర్తు పెట్టవలెను. కాళ్లను ఒకదాని చోట మరొకటి ఉంచి, మరల గుర్తు పెట్టవలెను. ఆ రెండింటి నడిమి చోటే మట్టపు గుర్తు.

ఇక చేను అంచున ఒక గూటము పాతి, ఒక కాలు అక్కడ నుంచి, దారము మట్టపు గుర్తుపై నిలుచువరకు రెండవ కాలిని ఎగువకో దిగువకో జరుపవలెను. అక్కడ మరొక గూటము పాతవలెను. ఇట్లే చేను ఆవలి అంచు వరకు సాగవలెను. గూటముల వెంట మొదటి చాలు తోలి, తక్కిన చాళ్లను, గొర్రును దాని వెంటనే నడుపవలెను.

"చాలు వంకర పోయిన ఊరివారు నవ్వరా?" అని కొందరడుగుదురు. చాలు తిన్నగా నుండుట కంటికి ఇంపే. కాని నీరు చూచునది తిన్ననను గాదు, మట్టమును.

ఒక్క హెచ్చరిక. ఈ పద్ధతి ఎర్ర చల్క నేలలకు మిక్కిలి తగినది. నల్లరేగడిలో నీరు నిలిచిన పైరు దెబ్బతినును గావున, అక్కడ చాళ్లకు స్వల్పముగా వాలు నిచ్చి, మిగులు నీటిని గడ్డి పెంచిన కాలువలోనికి వదలవలెను.

తొలకరికి ముందే ఒక్క మడిలో గూటములు పాతి చూడుడు. మొదటి వానకు నీరు ఎక్కడ నిలిచినదో మీ కండ్లే చెప్పును.