నేర్పువాడును నేర్చుకొనవలెను



విశాఖపట్టణపు రేవున కొక నియమము కలదు. సప్తసముద్రములు తిరిగివచ్చిన కప్తాను డైనను సరే, డాల్ఫిన్స్ నోస్ కొండ ప్రక్కనున్న ఇరుకు కాలువలోనికి ఓడను ఒంటిగా నడపుకొని రాడు. రేవువారి పైలటు చిన్నపడవపై నెదురేగి, ఓడ నెక్కి, దారి చూపును. 'నాకీ విద్య తెలియదా' యని కప్తాను చిన్నబుచ్చుకొనడు. లోతు తెలిసినవాని మాట వినుట ఆయనకు మర్యాదయే గాని లోటు కాదు.

ఓడ నడపువానికి లేని నామోషీ పిల్లల కాటలు నేర్పు మాకేల యుండవలెను? బాస్కెట్‌బాల్ నేర్పు మాస్టరులు అనుభవజ్ఞులైన శిక్షకుల యొద్దకు పోయి క్రొత్త పద్ధతులు నేర్చుకొనవలసిన యావశ్యకమును గూర్చియు, అందులకు గ్రామపెద్దలైన తాము చేయదగిన సాయమును గూర్చియు నేడు నాలుగు మాటలు మనవి చేసికొందును.

ఈ ఆట మిక్కిలి పాతది కాదు. 1891 డిసెంబరులో, అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున, జేమ్స్ నేస్మిత్ అను వ్యాయామోపాధ్యాయుడు చలికాలమున ఇంటిలోపల నాడదగిన యాట నొకదానిని కల్పించెను. పండ్లు నింపు బుట్టలు రెండింటిని 10 అడుగుల యెత్తున కట్టి, బంతిని వానిలో వేయుడని తన విద్యార్థులకు చెప్పెను. ఆ యెత్తు పెద్దల యాటలో నేటికిని మాఱలేదు. వింత యేమన, ఈ ఆటకు వేఱుగ శిక్షకు డక్కఱలేదని నేస్మిత్ గారే తలచిరట. ఆయన శిష్యుడగు ఫాగ్ ఆలెన్ ఆ మాట నొప్పుకొనక, శిక్షణమునే వృత్తిగా గైకొనెను. ఆలెన్ యొద్ద ఆడిన డీన్ స్మిత్ మఱియొక మహాశిక్షకు డయ్యెను. మన సంగీతమువలెనే ఈ విద్యయు గురుశిష్య పరంపరగా వచ్చినది.

ఆ పరంపర మనదాకను వచ్చినది. అదే స్ప్రింగ్‌ఫీల్డులో చదివిన హ్యారీ బక్ గారు 1920 లో మద్రాసున వై.ఎం.సి.ఏ. వ్యాయామ కళాశాలను స్థాపించిరి. నాడు మన జిల్లాలు మద్రాసు రాజధానిలోనివే గనుక తెలుగు డ్రిల్లు మాస్టరులును అచటికి పోయి నేర్చివచ్చిరి. అంతకు ముందే, ఱొమ్ముపై ఏనుగును నిలిపికొన్న మన కోడి రామమూర్తి నాయుడు గారు సైదాపేటకు పోయి వ్యాయామశిక్షణ ముగించుకొని, విజయనగరమున పిల్లలకు వ్యాయామము నేర్పిరి. అంతటి బలశాలియే, బలముండుట వేఱు, నేర్పుట వేఱని గ్రహించి విద్యార్థియై కూర్చుండెను.

ఇక నా తప్పు నొకటి చెప్పుకొందును. నేను పెక్కేండ్లు ఒక పల్లె పాఠశాలలో ఈ ఆట నేర్పితిని. నాకు చిన్ననాడు చెప్పినట్లే చెప్పితిని: ఒకే బంతి, ముప్పదిమంది వరుస, తప్పు చేసినవానికి మైదానము చుట్టు పరుగు. ఒకనాడు చక్కగా ఆడు బాలిక యొకతె పైకెగిరి బంతి నందుకొని, దిగునపుడు మోకాలు మెలిపడి కూలినది. ఆమె మఱల ఆడలేదు. తండ్రి నాపై కేకలు వేయలేదు. "మాస్టరు బాబూ, మా పిల్లకు ఎగరడం నేర్పినారు గదా, దిగడం నేర్పలేదా?" అని మాత్ర మడిగెను. నాయొద్ద బదులు లేకపోయెను.

ఆ యేడు సెలవులలో విశాఖపట్టణమున జరిగిన యొక శిక్షణ శిబిరమునకు పోతిని. అచట మాకు నేర్పినది నాకంటె వయసున చిన్నదైనను ఇరువదియేండ్ల యనుభవము గల శిక్షకురాలు. మొదటినాడు మాచేత బంతి పట్టింపలేదు. రెండు పాదములతో, మోకాళ్లు వంచి, అవి లోపలికి వాలకుండ, మెత్తగ దిగుట నేర్పినది. ఆడపిల్లలకు మోకాలి దెబ్బ లెక్కువగ తగులుననియు, ఈ పాఠము క్రమముగ చెప్పినచో నవి తగ్గుననియు వైద్యులు కనుగొన్న సంగతి నాకు నాడే తెలిసినది. ఒక్క దినపు పాఠము! ముందే నేర్చియున్నచో ఆ బిడ్డ యాట నిలిచియుండెడిదేమో.

పిదప తెలిసికొన్నవియు కొన్ని కలవు. వరుసలో నిలిచిన పిల్లవాడు ఆట నేర్వడు. ముగ్గురేసి చొప్పున చిన్న జట్లు చేసినచో అందఱి చేతికిని బంతి వచ్చును. పండ్రెండేండ్ల లోపువారికి రింగును 10 అడుగుల యెత్తున గాక, సుమా రెనిమిదిన్నర యడుగుల యెత్తున కట్టి, చిన్న బంతి నీయవలెను. ముగ్గురు ముగ్గు రాడు ఆటకు ఒక్క స్తంభము, సగము మైదానము చాలును. 2021 లో టోక్యోలో జరిగిన ఒలింపిక్ క్రీడలలో నీ ఆటకును చోటు దొరకినది. పల్లెటూరి బడికి ఇంతకంటె అనువైన దేది?

కేకలకంటె మాట మేలని కూడ తెలిసినది. అమెరికాలో జాన్ వుడెన్ అను శిక్షకుని జట్టు 1964 మొదలు 1975 లోపల కళాశాలల జాతీయ పోటీలలో పదిమాఱులు గెలిచినది. చివరి యేడు ఇద్దఱు పండితు లాయన పాఠములను గమనించి, 2,326 మాటలను, చేతలను లెక్కవ్రాసిరి. వానిలో మూడుపాళ్లకు మించి మెప్పును గాదు, తిట్టును గాదు. ఏమి చేయవలెనో, ఎట్లు చేయవలెనో చెప్పుటయే. బొబ్బలు రాకుండ మేజోళ్లు తొడుగుకొనుట కూడ ఆయన నేర్పెడివాడు. అంతటివాడును ప్రతియేడు ఆటలు ముగిసిన పిదప ఒక్క యంశమును తీసికొని, ఇతర శిక్షకు లా విషయమున నేమి చేయుచున్నారో విచారించి తెలిసికొనెడివాడు.

పెద్దలారా! పొలమున క్రొత్త విత్తనము వేయుటకు ముందు తాము పదిమంది రైతుల నడుగుదురు గదా. పిల్లల విషయమున అంతపాటి విచారణ యేల చేయరాదు? తమ్ము నేను కోరునవి మూడే. తమ యూరి మాస్టరు శిక్షణకు పోయెదనన్నచో, 'ఈ వయసున చదువేమి' యని నవ్వక, దారిబత్తె మిచ్చి పంపుడు. తిరిగివచ్చిన పిదప పొరుగూరి మాస్టరులను పిలిపించి, నేర్చినది వారికిని చెప్పింపుడు. బడి మైదానమును కళ్లమునకును, ఇటుకల గుట్టకును విడువక పిల్లల కుంచుడు.

ఆ తండ్రి యడిగిన ప్రశ్నకు నాకు బదులు దొరకుటకు ఆలస్యమైనది. తమ యూరిలో నట్టి ప్రశ్న పుట్టకుండ జూచుట తమ చేతిలోనున్నది.