ఒడంబడికకు పూచీ యెవ్వరు?

(నరసరావుపేటలోని యొక పఠనమందిరమున చేసిన ప్రసంగ పాఠము)



కార్తికమాసమున కారెంపూడిలో వీరుల తిరునాళ్ల జరుగునపుడు నాగులేటి యొడ్డున ఆయుధములకు పూజ సలుపుట మన మందఱము ఎఱిగినదే. ఆ వీరుల సాహసమును కొనియాడుట మనకు వాడుక. నేడు మేము సాహసమును గూర్చి ప్రసంగింపబోము. ఆ యుద్ధము ఏల తప్పలేదు, దానిని తప్పింపగల శక్తి యెచ్చట లోపించినది అను ప్రశ్నను మీ ముం దుంచ దలచితిమి. లోకమున శాంతిరక్షణకై వెలసిన సంస్థల చరిత్ర యంతయు ఈ ప్రశ్నకు సమాధానము వెదకిన చరిత్రయే.

కథ మీకు తెలియును. పండ్రెండవ శతాబ్దమున గురజాల నలగామరాజును, మాచెర్ల మలిదేవరాజును దాయాదులు. కోడిపందెమున ఓడిన మలిదేవుని పక్షము ఏడేండ్లు రాజ్యము విడిచి పోవలెనని షరతు. బ్రహ్మనాయుడు తనవారితో ఆ గడువును నిలుపుకొనెను. గడువు తీరిన పిమ్మట రాజ్యభాగము నడుగుటకు అలరాజును రాయబారిగా గురజాలకు పంపిరి. రాజ్యభాగము దక్కలేదు, రాయబారి విషప్రయోగమునకు బలి యయ్యెను. ఇక మిగిలినది రణరంగమే.

ఒడంబడికలో లోప మేమియు లేదు. షరతు స్పష్టము, గడువు స్పష్టము. లేనివాడు పూచీదారుడు. పల్లెలో అప్పుపత్రము వ్రాసికొన్నను సాక్షు లుందురు, మాట తప్పిన నిలదీయుటకు పెద్దమనుష్యు లుందురు. రాజుల నడుమ అట్టివారు లేకపోయిరి. ఇరుగుపొరుగు రాజులు వచ్చిన మాట నిజమే. కాని వారు తగవు తీర్చుటకు రాలేదు, చెరియొక పక్షమున కత్తి పట్టుటకు వచ్చిరి.

సామూహిక భద్రత యనునది ఈ లోపమునకు లోకము కనిపెట్టిన మందు. ఒకనిపై జరిగిన దౌర్జన్యమును అందఱిపై జరిగినట్లే యెంచి, అందఱును కలిసి వారించుట దాని సూత్రము. దీనికిని కూటములకును భేదము కలదు. కూటమి తన శత్రువును ముందే పేర్కొనును. సామూహిక భద్రత, మాట తప్పినవాడు నిన్నటి మిత్రుడైనను వానినే వారించును.

1920 జనవరి 10న నానాజాతిసమితి వెలసెను. పరపాలనలో నున్నను మన దేశము దాని మూలసభ్యులలో నొకటి. 1931లో జపాను మంచూరియాను ఆక్రమించెను. సమితి విచారణ జరిపించెను. జపాను 1933లో సమితినే విడిచిపోవ నిశ్చయించెను. 1935లో ఇటలీ అబిసీనియాపై దండెత్తెను. సమితి వర్తకనిషేధము విధించెను గాని, యుద్ధశకటములను నడపు చమురును మాత్రము నిషేధింపలేదు. 1936 జూన్ 30న చక్రవర్తి హెయిలీ సెలాసీ జెనీవా సభలో నిలిచి న్యాయ మర్థించెను. ఆ మొఱకు, గురజాల కొలువున అలరాజు మాటకు పట్టిన గతియే పట్టెను.

1945 అక్టోబరు 24న ఐక్యరాజ్యసమితి యవతరించెను. ఈసారి ముఖ్య పూచీదారులను పేరుపేరున వ్రాసిరి: అమెరికా, సోవియట్ రష్యా, బ్రిటన్, ఫ్రాన్సు, చైనా. సభ్యదేశములు తమ సేనలను భద్రతామండలికి ఒప్పగించుటకు ఒడంబడికలు చేసికొనవలెనని ఛార్టరు 43వ అధికరణము చెప్పుచున్నది. అట్టి ఒడంబడిక నేటివరకు ఒక్కటియు జరుగలేదు.

ఈ మండలి గుమ్మమును మన పొరుగుననున్న సమస్య యొకటి తట్టినది. పల్నాటికి ఆవలి యొడ్డున, కృష్ణ దాటిన నల్లగొండ, నాడు నిజాము రాజ్యము. 1947 నవంబరు 29న భారతప్రభుత్వమునకును నిజామునకును యథాతథపు ఒడంబడిక జరిగెను. తగవు వచ్చిన మధ్యవర్తులకు అప్పగింపవలెనని అందులో షరతు కలదు. ఇరుపక్షములును ఒండొరులపై ఆరోపణలు చేసికొన్నవి. మధ్యవర్తుల మాట పత్రమునందే నిలిచిపోయెను. రజాకార్ల దౌర్జన్యములకు తాళలేక వేలాది ప్రజలు యూనియన్ జిల్లాలకు తరలివచ్చిరి. నిజాము ఫిర్యాదు మండలి ముందుకు 1948 సెప్టెంబరు 16న వచ్చెను. మఱునాడే నిజాము లొంగిపోయెను. ఇల్లువాకిళ్లు విడిచి వచ్చిన రైతుకు మండలి యొకటి కలదనియే తెలియదు.

పెద్దదేశములు పోరాడుకొనుచుండగా శాంతిరక్షక దళముల పద్ధతి పుట్టినది. ఆ పేరు ఛార్టరులో ఎచ్చటను కానరాదు. 1956లో సూయజు సంక్షోభమున తొలి సాయుధదళము ఏర్పడెను. ఉభయపక్షముల సమ్మతి, నిష్పక్షపాతము, ఆత్మరక్షణకు దప్ప ఆయుధము నెత్తకుండుట దాని నియమములు. భారతసైనికులు గాజాలో పదియేండ్లకు పైగా కాపు కాచిరి. 1967 మే నెలలో ఈజిప్టు పొమ్మనగా ఆ దళమును ఉపసంహరించిరి. జూన్ నెలలో యుద్ధము వచ్చిపడెను. 1994లో రువాండాలో జనసంహారము జరుగుచుండగా, మండలి అచటి దళమును పెంచుటకు మారుగా 270 మందికి కుదింప నిశ్చయించెను. నూఱు దినములలో దాదాపు 8,00,000 మంది హతులైరి.

అట్లని ఆ దళములను నిందించుట మా యుద్దేశము కాదు. ఇంతవరకు 2,50,000కు మించిన భారతీయులు ఆ కొలువు చేసిరి. వారిలో 150 మందికి పైగా అసువులు బాసిరి. 1961లో కాంగోలో ప్రాణము లర్పించిన కెప్టెన్ గురుబచన్ సింగ్ సలారియా పరమవీరచక్రమునకు పాత్రుడయ్యెను. కాపరి దోషము కాదు. కాపరిని పంపి, వెనుక నిలువని పెద్దల దోషము.

ఆ పెద్దల సంగతి చూడుడు. 2003లో మండలి యనుమతి లేకయే అమెరికా, బ్రిటన్‌లు ఇరాకుపై దండెత్తినవి. 2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయినుపై దండెత్తి, దానిని ఖండించు తీర్మానమును తన వీటోతోనే వమ్ము చేసెను. పూచీదారుడే మాట తప్పిన నాడు అడుగువా రెవ్వరు?

మాచెర్ల చెన్నకేశవుని సన్నిధిని బ్రహ్మనాయుడు చాపకూడు నెలకొల్పెనని మనము గర్వముతో చెప్పుకొందుము. సమితి సర్వప్రతినిధిసభలో 193 దేశములు అట్లే ఒకే చాపపై కూర్చున్నవి. ఒక్కొక్కదానికి ఒక్కొక్క వోటు. మండలిలో మాత్రము అయిదింటికి పీటలు, తక్కినవానికి నేల. మన దేశమునకు ఆఱవ పీట దొరికిన చాలునని పలువురు తలంచుచున్నారు. స్థిరస్థానము కోరుట న్యాయమే. కాని వీటో కోరుట, చాపకూడు పెట్టిన నాటివారికి తగదని మా యభిప్రాయము.

ఆశకు తావు లేకపోలేదు. తగవును శాంతియుతముగా పరిష్కరించు తీర్మానములలో, ఆ తగవునందలి పక్షము వోటు వేయరాదని ఛార్టరు 27వ అధికరణమునందే కలదు. బలముతో వారింపవలసిన సందర్భములకును ఆ నియమమును విస్తరింపవలెను. 2022 ఏప్రిల్ 26 నాటి తీర్మానముచే, వీటో ప్రయోగించినప్పుడెల్ల సర్వసభ సమావేశమై చర్చింప వలసి యున్నది. ఇది చిన్న మెట్టే. అయినను పెద్దవానిని పదిమందిలో నిలబెట్టి యడుగు మెట్టు. మన దేశము ఈ త్రోవను ముందు నడువవలెను. తనకును అదే నియమము వర్తించుటకు సమ్మతింపవలెను. పొరుగువానికి మాత్రమే నియమము కోరువాని మాట ఎవ్వరును వినరు.

వచ్చు కార్తికమున వీరుల గుడి ముందు నిలిచినపుడు, కత్తి పట్టిన బాలచంద్రునితోపాటు కత్తి లేక పోయిన అలరాజునుగూడ తలచుకొందము. ఆయన పలుకు చెల్లియుండినచో ఆ గుడి కట్టవలసిన పనియే యుండెడిది కాదు.