జీనో బర్తలీ: పదేండ్ల ఎడం

సైకిలు పందెగాని ఘనతను గెలుపుల లెక్కతో కొలవడం పరిపాటి. ఇటలీ దేశీయుడైన జీనో బర్తలీ విషయంలో మాత్రం ఆ గెలుపుల నడుమనున్న ఎడమే మిక్కిలి గమనింపదగినది.

1914లో ఫ్లోరెన్సు నగరం చెంత జన్మించిన ఇతడు 1936, 1937లలో ఇటలీ దేశపు చుట్టుపందెాన్ని, 1938లో ఫ్రాన్సు దేశపు చుట్టుపందేన్ని గెలిచాడు. పిమ్మట వచ్చిన యుద్ధం అతని మేలి వయస్సును హరించింది. జర్మనుల ఆక్రమణకాలంలో, అభ్యాసం చేస్తున్న మిషతో, సైకిలు గొట్టాలలో దాచిన దొంగ గుర్తింపు పత్రాలను యూదుల రక్షణకై చేరవేశాడని సాక్షులు చెప్పారు. వివరాలను గూర్చి చరిత్రకారులలో వాదమున్నా, యెరూషలేములోని యాద్ వషేమ్ సంస్థ 2013లో అతనిని పరోపకారులైన ధర్మాత్ముల పట్టికలో చేర్చింది. అప్పటికతడు మరణించి పదమూడేండ్లు. బ్రతికినన్నాళ్లు ఆ సంగతిని చాటుకొన్నవాడు కాడు.

1948 ఫ్రాన్సు పందెంలో అతడు 20 నిమిషాలకు పైగా వెనుకబడి ఉన్నాడు. జూలై 14న రోములో కమ్యూనిస్టు నాయకుడు తొల్యాత్తిపై కాల్పులు జరిగి ఇటలీ అట్టుడికింది. మరునాడే ఆల్ప్సు కనుమలలో బర్తలీ విజృంభించాడు. పారిస్ చేరునప్పటికి విజేత అతడే. అంతర్యుద్ధాన్ని ఆ గెలుపే ఆపినదనడం అతిశయోక్తి కావచ్చు. కాని ఆ పందెంలో రెండు విజయాల నడుమ పదేండ్ల ఎడం మరెవ్వరికీ లేదు. ఆ పదేండ్లు వ్యర్థమైనవని ఎవరనగలరు?