సంతకం పెట్టే ముందు డాబా ఎక్కండి
(కాకినాడ వర్తకుల సభలో ఒక స్ట్రక్చరల్ ఇంజనీరు ఉపన్యాసం)

ముందుగా ఒక సవరణ. కరపత్రంలో నా పేరు కింద ‘వాస్తు, నిర్మాణ నిపుణులు’ అని అచ్చువేశారు. అందులో మొదటి మాట నాది కాదండి. పెద్దలు ప్రేమకొద్దీ వేశారు, కాదనను. కానీ ఈశాన్యం మూల గురించి వినడానికి వచ్చినవాళ్ళెవరైనా ఉంటే బయట టీ సిద్ధంగా ఉంది, మొహమాటపడకండి.

నాకు వాస్తు మీద కోపం లేదు. సంతలో ఎద్దును కొనే రైతు కూడా సుళ్ళు చూస్తాడు. కానీ అంతటితో ఆగడు. నోరు తెరిపించి పళ్ళు చూస్తాడు, అరక కట్టి నాలుగు చాళ్ళు దున్నించి మరీ బేరం మొదలుపెడతాడు. మనం కోట్లు పెట్టి బిల్డింగు కొంటూ సుళ్ళు మాత్రం చూసి అడ్వాన్సు ఇచ్చేస్తున్నాం. నా బాధ అదీ.

‘పేపర్లన్నీ క్లియరండీ’ అంటారు. ఈసీ తీశారు, లింకు డాక్యుమెంట్లు లాయరుగారు చదివారు, లీగల్ ఒపీనియన్ వచ్చింది. సంతోషం. ఆ కాగితాలన్నీ కలిసి బిల్డింగు ఎవరిదో చెబుతాయి. ఎలా ఉందో ఒక్కటీ చెప్పదు.

‘బ్యాంకు లోను ఇచ్చిందండీ, వాళ్ళ ఇంజనీరే వచ్చి చూశాడు’. ఆయన వచ్చింది ధర కట్టడానికండి. రేపు మీరు అప్పు ఎగ్గొడితే ఆస్తి అమ్మితే ఎంతొస్తుందన్నది ఆయన లెక్క. స్లాబు లోపల చువ్వ సంగతి చూడమని ఆయనకి ఎవరూ చెప్పలేదు, దానికి ఫీజూ ఇవ్వలేదు.

‘బీపీఎస్ కట్టేశామండీ’. ఇది వింటే మాత్రం నాకు బీపీ వస్తుంది. (నవ్వకండి, నిజమే చెబుతున్నాను.) అనుమతి లేకుండా లేపిన అంతస్తుకి అపరాధ రుసుము కడితే మున్సిపల్ రికార్డులో అది సక్రమమైపోతుంది. కింద మోస్తున్న పిల్లరుకి ఆ కబురు ఎవరు చెబుతారు? రసీదు చూపిస్తే పునాది బలపడదు.

ఇక ‘ముప్ఫయ్యేళ్ళ నుంచీ నిక్షేపంలా నిలబడింది కదండీ’ అనేవాళ్ళు. ఆ ముప్ఫయ్యేళ్ళూ అది ఏం మోసిందో అడిగారా? పైన ఒక కుటుంబం, కింద ఒక టైలరు షాపు. మీరిప్పుడు పెట్టబోయేది బియ్యం గోడౌను. ‘ఈ బిల్డింగు మంచిదేనా’ అని నన్ను అడిగితే నా దగ్గర జవాబు లేదండి. ‘నేను పెట్టబోయే వ్యాపారాన్ని ఇది మోస్తుందా’ అని అడగండి, చెబుతాను. తనిఖీ అంటే ఆ ప్రశ్నకి జవాబు వెతకడమే.

కాస్త అంకెలు చూద్దాం. భారత ప్రమాణాల్లో ఐఎస్ 875 అని ఒకటుంది. నివాసం ఇంట్లో నేల మీద చదరపు మీటరుకి సుమారు 200 కిలోల వాడకపు బరువు పడుతుందని లెక్కవేసి డిజైన్ చేయమంటుంది. దుకాణానికి 400. గోడౌనుకి ఎంత తక్కువన్నా 750, సరుకు పేర్చే ఎత్తును బట్టి ఇంకా పెరుగుతుంది. ఇప్పుడు బియ్యం బస్తాలకి రండి. చదరపు మీటరులో రెండు 50 కిలోల బస్తాలు పక్కపక్కన పడతాయనుకుందాం. పది వరసలు పేరిస్తే 1,000 కిలోలు. ఇంటికని వేసిన స్లాబు మీద దాని లెక్కకి ఐదింతలు! పుస్తకాల షాపులు, బంగారంకొట్టు ఐరన్ సేఫులు, డయాగ్నస్టిక్ సెంటరులో స్కానింగ్ యంత్రాలు, అన్నిటిదీ ఇదే కథ. ‘గదులు పెద్దవి, వెంటిలేషన్ బాగుంది’ అని అద్దెకి తీసుకుంటారు. గది పెద్దదైతే బీము పొడుగైనట్టే కదండీ.

సరే, ఇప్పుడు డాబా ఎక్కుదాం. నాతో ఏ బిల్డింగు చూడ్డానికి వచ్చినా ముందు మెట్లెక్కిస్తానని కొంతమంది విసుక్కుంటారు. మోకాళ్ళ నొప్పులు నాకూ ఉన్నాయి. అయినా ఎక్కుతాను. ఎందుకంటే ఓనరుగారు షట్టరుకి రంగు వేయిస్తారు, మెట్లకి గ్రానైటు వేయిస్తారు. డాబా మీద మాత్రం ఎవరూ అబద్ధం ఆడరు. అక్కడికి ఎవరూ రారన్న ధీమా.

అక్కడేం ఉంటాయి? 5,000 లీటర్ల ట్యాంకులు నాలుగు. నీళ్ళు లీటరుకి కిలో. మొత్తం ఇరవై టన్నులు. అవి పిల్లర్ల మీదున్నాయా, స్లాబు నడుమ ఉన్నాయా? చూడాలి. కారుతోందని పదేళ్ళ కిందట ఒక పొర ఇటుక ముక్కల వాటర్‌ప్రూఫింగ్, అది విఫలమైతే దాని మీదే ఇంకో పొర, ఆపైన టైల్స్. నాలుగంగుళాల పొర ఒక్కటే చదరపు మీటరుకి దాదాపు 200 కిలోలు తూగుతుంది. పాతది తవ్వడానికి కూలీ దండగని తవ్వరు. ఆపైన సెల్ టవరు, ఫ్లెక్సీ హోర్డింగు, రేకుల షెడ్డు, జనరేటరు. అద్దె ఒక్కోదానికీ వేరు. బరువు మాత్రం అందరిదీ కలిపి ఆ పిల్లర్లకే.

సియోల్ కథ చెప్పకుండా నేను డాబా దిగను, మీకు తెలుసు. విన్నవాళ్ళు మళ్ళీ వినండి.

దక్షిణ కొరియా, సియోల్ నగరం. సాంపూంగ్ అని పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోరు. మొదట వేసిన ప్లాను నాలుగంతస్తులది, దుకాణం కోసం వేసింది కాదు. నడుమలో ఓనరుకి స్టోరు పెట్టాలనిపించింది. ఎస్కలేటర్ల కోసం పిల్లర్ల దగ్గర కోత పెట్టించాడు. పైన ఐదో అంతస్తు ఎక్కించమన్నాడు. కడుతున్న కంపెనీ కుదరదంది. అయితే మీరెళ్ళండని వాళ్ళని పంపేసి, సొంత కంపెనీ చేత కట్టించాడు. (మన ఊళ్ళో ఇలాంటివాళ్ళు లేరు లెండి.) పిల్లర్లు 80 సెంటీమీటర్లు ఉండాల్సింది 60 చేశారు. ఐదో అంతస్తులో హోటళ్ళు. కొరియావాళ్ళు నేల మీద కూర్చుని తింటారు, నేల వెచ్చగా ఉండాలి, అందుకని వేడినీళ్ళ గొట్టాలు, వాటి చుట్టూ మందంగా కాంక్రీటు. ఆ బరువు ఏ లెక్కలోనూ లేదు.

ఇక డాబా. పెద్ద పెద్ద ఏసీ యూనిట్లు, టన్నుల బరువు. చప్పుడు భరించలేకపోతున్నామని పక్కిళ్ళవాళ్ళు గొడవచేస్తే, 1993లో వాటిని డాబాకి అవతలి వైపు మార్చారు. క్రేను పెట్టి ఎత్తాలి కదా? పెట్టలేదు. రోలర్ల మీద లాక్కెళ్ళారు, స్లాబు పొడుగునా. పగుళ్ళు వచ్చాయి. యూనిట్లు నడిచినప్పుడల్లా ఆ అదురుకి పగుళ్ళు ఇంకాస్త తెరుచుకున్నాయి. 1995 జూన్ 29 పొద్దుటికి పై అంతస్తులో అవి కళ్ళెదుట పెరుగుతున్నాయి. ఏం చేశారనుకున్నారు? పై అంతస్తు మూశారు, ఏసీలు ఆపారు. కింద దుకాణం మాత్రం తెరిచే ఉంచారు. గిరాకీ బాగుంది మరి! సాయంత్రం ఆరు కావస్తుండగా కూలింది. నిమిషం పట్టలేదు. 502 మంది. భూకంపం లేదు, తుపాను లేదు. తెరిచి అప్పటికి ఐదేళ్ళు. ‘కొత్త బిల్డింగండీ’ అనేవాళ్ళు రాసుకోండి.

2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర రాణా ప్లాజా కూడా అంతే. దుకాణాలకి, ఆఫీసులకి కట్టిన దాంట్లో బట్టల ఫ్యాక్టరీలు, పై అంతస్తుల్లో జనరేటర్లు. ముందు రోజే పగుళ్ళు కనిపిస్తే కింద ఉన్న బ్యాంకు తన సిబ్బందిని రావద్దంది. ఫ్యాక్టరీలవాళ్ళు తమవాళ్ళని పిలిపించారు. 1,100 మందికి పైగా పోయారు. అద్దెకున్న ఇద్దరూ చూసింది ఒకే పగులును.

అంత దూరం ఎందుకండీ, మన ఊరి జబ్బు మనకుంది. ఉప్పు. సముద్రపు గాలి నేరుగా తగిలే కాంక్రీటులో చువ్వ మీద 45 మిల్లీమీటర్ల కవరు ఉండాలని ఐఎస్ 456 చెబుతుంది. మన మేస్త్రి చువ్వ కింద ఒక రాతిచిప్ప దూర్చి సరేనంటాడు. ఆపైన ఉప్పునీళ్ళ బోరుతో కలిపిన కాంక్రీటైతే ఇక చెప్పక్కర్లేదు. చువ్వ తుప్పుపడితే రెండింతల నుంచి ఆరింతల దాకా ఉబ్బుతుంది. ఉబ్బి కాంక్రీటును బయటికి తోస్తుంది. పెచ్చులూడడం అంటే అదీ. దాని మీద పుట్టీ రాసి రంగు వేస్తే రోగం పోయిందనుకుంటారు.

ఈ ఊళ్ళోనే, ఏ వీధో అడగకండి, ఒక బట్టల వ్యాపారి లీజుకి తీసుకోబోతూ నన్ను తీసుకెళ్ళారు. లోపల కొత్త ఫాల్స్ సీలింగు. ‘ఇది మీకు ఫ్రీ అండీ’ అన్నారు ఓనరుగారు. ఫ్రీ అన్నచోటే నేను నిచ్చెన అడుగుతాను. బాత్రూము గోడ పక్కన ఒక పలక తీయమన్నాను. ‘సీలింగు పాడవుద్దండీ’ అని గొణిగాడు వాళ్ళ మనిషి. తీశాడు. టార్చి వేసి చూస్తే సీలింగు పైన ఒక ఫ్లెక్సీ పరిచి ఉంది, ఎవరిదో పుట్టినరోజు శుభాకాంక్షలది. దాని మీద దోసెళ్ళకొద్దీ కాంక్రీటు పెచ్చులు. రాలినవి సీలింగు మీద పడి చప్పుడు కాకుండా పరిచారు! స్లాబులో చువ్వలు వరసగా బయటపడి ఉన్నాయి. ఒకదాన్ని గోటితో గీరితే పొరలు పొరలుగా ఊడొచ్చింది. వ్యాపారి బేరం మానుకోలేదండి, అది గమనించండి. రిపోర్టు ముందు పెట్టి, ఓనరు ఖర్చుతో స్లాబు బాగుచేయించి, అన్నాళ్ళూ అద్దె లేకుండా రాయించుకున్నాడు. నా ఫీజు ఎన్నింతలైందో ఆయనే లెక్క చెప్పాడు. తనిఖీ చేయిస్తే బేరం చెడిపోతుందనేవాళ్ళకి ఇది చాలు.

అధ్యక్షులవారు చీటీ పంపారు. సియోల్లో ఎక్కువసేపు ఉండిపోయాం. మిగతావి త్వరగా.

సుత్తి పరీక్ష. ‘హ్యామర్ టెస్టు చేయించామండీ, పాస్’ అంటారు. అది కాంక్రీటు పైచర్మం గట్టిదనం చూసే పరికరం. దాన్నిబట్టి బలం లెక్కగడితే 25 శాతం అటూ ఇటూ తేడా రావచ్చని మన ప్రమాణమే ఒప్పుకుంది. అల్ట్రాసోనిక్ పరీక్షతో కలిపి చూడాలి, అనుమానమున్నచోట కోర్ కోసి నలగ్గొట్టి చూడాలి. ఒక్క సుత్తితో సర్టిఫికెట్ ఇచ్చేవాణ్ణి నమ్మకండి.

కరెంటు. మీటరు మీద మంజూరైన లోడెంత, మీ ఏసీలకి కావలసిందెంత? ప్యానెల్ బోర్డుని పూర్తి లోడులో థర్మల్ కెమెరాతో చూడమనండి. వదులైన జాయింటు వేడెక్కి అందులో మెరుస్తూ కనిపిస్తుంది.

నిప్పు. 2022 సెప్టెంబరులో సికింద్రాబాదులో ఏం జరిగింది? కింద ఎలక్ట్రిక్ బండ్ల షోరూము, పైన లాడ్జి. కింద అంటుకుంటే పొగ మెట్లదారిలోంచి పైకి ఎగబాకింది. ఎనిమిది మంది చనిపోయారు. మీరు తీసుకునే అంతస్తు ఒక్కటే చూసుకుంటే చాలదు, కింద అంతస్తులో ఎవరున్నారో, ఏం దాస్తున్నారో చూడండి. రెండో మెట్లదారి ఉందా, ఉంటే అట్టపెట్టెలు పేర్చి తాళం వేశారా? సెల్లారు ప్లానులో పార్కింగు అని ఉండి, నిజంలో గోడౌనుగా ఉందా?

చట్టం. ‘లోపముంటే ఓనరు చెప్పాలిగా’ అంటారు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 55వ సెక్షను అమ్మేవాడికి, 108వ సెక్షను అద్దెకిచ్చేవాడికి ఆ బాధ్యత పెట్టిన మాట నిజమే. కానీ అందులోనే ఒక మెలిక ఉంది. మామూలు శ్రద్ధతో చూస్తే మీకు కనపడే లోపం ఆ బాధ్యతలోకి రాదు. చూడకపోవడం మీ తప్పవుతుంది. పైగా ఖాళీ చేసేటప్పుడు తీసుకున్నప్పుడు ఉన్నంత బాగా అప్పగించాలి. తీసుకున్న రోజు ఎలా ఉందో తారీకుతో ఫొటోలు లేకపోతే పాత పగుళ్ళూ మీ ఖాతాలోకే. లీజు డీడులో స్లాబు, పిల్లర్లు, డాబా మరమ్మతు ఎవరిదో రాయించండి. ఏడాది దాటిన లీజైతే రిజిస్టరు చేయించండి.

చివరిగా రిపోర్టు. నేల చదరపు మీటరుకి ఎంత మోస్తుందో అంకె ఉండాలి. ఇప్పుడే చేయాల్సిన మరమ్మతులు, ఆగగలిగేవి, ఖర్చు అంచనాతో సహా విడివిడిగా ఉండాలి. ఏవేవి చూడలేకపోయామో మొదటి పేజీలోనే ఉండాలి. తాళం వేసిన గది, తెరవనివ్వని సీలింగు, పేరు పేరునా. అది లేని రిపోర్టుకి డబ్బివ్వకండి.

ఫీజెంతని అడగబోతున్నారు, వెనక వరసలో గుసగుసలు వినిపిస్తున్నాయి. మీరిచ్చే అడ్వాన్సులో చిన్న ముక్క. అదైనా మీరే కట్టండి, ఓనరుగారు కడతానన్నా, బ్రోకరు తన మనిషిని పంపిస్తానన్నా వద్దనండి. డబ్బిచ్చినవాడి వైపు రిపోర్టు వాలుతుంది. మా వృత్తిలోనూ ఉన్నది మనుషులే. ఇక ప్రశ్నలు అడగండి, కూర్చునే చెబుతాను.