నీళ్లలో ఉబ్బే జాకెట్

సంగం జాగర్లమూడి కాలువలో పారేది కృష్ణమ్మే. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం దగ్గర అదే కృష్ణలో పడవ బోల్తా పడింది. 20 మందికి పైగా చనిపోయారు. చాలామందికి లైఫ్ జాకెట్ లేదు.

సైనికులు వాడే జాకెట్ ఒకటుంది. నీళ్లలో పడితే దానంతటదే ఉబ్బుతుంది. ఎలా? లోపల చిన్న బిళ్ల ఉంటుంది. తడిస్తే కరుగుతుంది. అప్పుడు స్ప్రింగు సూదిని తోస్తుంది. సూది సిలిండరుకు చిల్లు పెడుతుంది. సోడాలో ఉండే గాలే జాకెట్ నిండా చేరుతుంది.

ఉబ్బలేదా? తాడు గట్టిగా లాగాలి. అప్పటికీ ఉబ్బకపోతే గొట్టంలో నోటితో ఊదాలి. బట్టల మీదనే వేసుకోవాలి. పట్టీలు బిగించాలి. ఒకసారి ఉబ్బాక బిళ్ల, సిలిండరు కొత్తవి వేయాలి.

మామూలు పడవల్లో ఉండేది స్పాంజి జాకెట్. అది ఉబ్బదు, కానీ మనిషిని తేలుస్తుంది. పడవ ఎక్కేముందే అడగండి: "జాకెట్ ఏది?"