ఒక గీత వెడల్పు: వైను బప్పు పరిశోధన, సైటేషన్ల లెక్క



రాయ్‌పూర్‌లో తెలుగువారి ముందు ఒక ఖగోళశాస్త్రవేత్త గురించి మాట్లాడాలనుకోగానే నాకు తట్టిన పేరు మనాలి కల్లాట్ వైను బప్పు. వారిది కేరళ కుటుంబం. ఆయన 1927 ఆగస్టు 10న మద్రాసులో పుట్టి హైదరాబాదులో పెరిగారు. తండ్రి అక్కడి నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసేవారు కాబట్టి ఆకాశం ఆ పిల్లవాడికి ఇంట్లో మాటే. నిజాం కాలేజీలో చదువుకుని, హైదరాబాదు ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద హార్వర్డ్ వెళ్ళారు. 1949లో అక్కడ ఆయన కనిపెట్టిన తోకచుక్కకు బప్పు-బాక్-న్యూకిర్క్ అని పేరొచ్చింది.

ఆయనను ఇవాళ తలచుకోవడానికి ఇంకో కారణం ఉంది. ఇప్పుడు పరిశోధకుడికి ఉద్యోగమివ్వాలన్నా, పదోన్నతి ఇవ్వాలన్నా ముందు చూసేది సైటేషన్లు (అంటే ఇతరులు తమ వ్యాసాల్లో ఉదహరించిన సార్లు), హెచ్-ఇండెక్స్. హెచ్-ఇండెక్స్ 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త ప్రతిపాదించిన లెక్క. ఒకరి వ్యాసాల్లో 20 వ్యాసాలను తలా 20 సార్లయినా ఇతరులు ఉదహరించి, 21కి ఆ లెక్క కుదరకపోతే, ఆయన హెచ్-ఇండెక్స్ 20. ఈ లెక్క పనికిరాదని నేను అనను. సిఫారసు మీద నడిచే చోట ఒక అంకె ఉండటం ఊరూపేరూ లేని కుర్రవాడికి రక్షణే. కానీ అది ఏం కొలుస్తుందో, ఏం కొలవలేదో బప్పు జీవితం చూస్తే తెలుస్తుంది.

1957లో ఆస్ట్రోఫిజికల్ జర్నల్‌లో ఖగోళశాస్త్రవేత్త ఓలిన్ విల్సన్, బప్పు కలిసి ఒక వ్యాసం అచ్చువేశారు. చల్లని నక్షత్రాల వర్ణపటంలో కాల్షియం వల్ల ఏర్పడే హెచ్, కె అనే రెండు వెడల్పాటి నల్లగీతలుంటాయి. ఆ నల్లదనం నడుమ సన్నని వెలుగుగీత ఒకటి కనిపిస్తుంది. నక్షత్రం ఉపరితలానికి పైనుండే క్రోమోస్ఫియర్ అనే పొర నుంచి వచ్చే వెలుగు అది. వాళ్ళిద్దరూ 185 నక్షత్రాలలో ఆ వెలుగుగీత వెడల్పును కొలిచారు. నక్షత్రం సహజంగా ఎంత ప్రకాశవంతమైనదైతే ఆ గీత అంత వెడల్పు. నక్షత్రం ఉష్ణోగ్రతతో గానీ, ఆ వెలుగుగీత తీవ్రతతో గానీ ఈ సంబంధం పెద్దగా మారలేదు. ప్రకాశంలో పది లక్షల రెట్ల తేడా ఉన్న నక్షత్రాల మధ్య కూడా అది నిలబడింది.

దీని విలువ అర్థం కావాలంటే చీకట్లో దీపాలను తలచుకోండి. దగ్గరున్న చిన్న దీపం, దూరానున్న పెద్ద దీపం కంటికి ఒకేలా ఆనుతాయి. అది ఏపాటి దీపమో ముందే తెలిస్తే దూరం లెక్కగట్టవచ్చు. గీత వెడల్పు ఆ సంగతి చెబుతుంది. కొలిచేదేమో వర్ణపటంలో ఒక సన్నని గీతను, దొరికేదేమో నక్షత్రం దూరం. ఎన్నిసార్లు చదివినా నాకు ఒళ్ళు పులకరించే సంగతి ఇది. హిప్పార్కస్ ఉపగ్రహం నక్షత్రాల దూరాలను కచ్చితంగా కొలిచాక, ఈ సంబంధాన్ని ఆ దూరాలతో మళ్ళీ సరిచూసి సరిదిద్దుకున్నారు.

ఆ వ్యాసాన్ని ఇప్పటికీ ఉదహరిస్తున్నారు. అయితే దాని ఫలితం 'విల్సన్-బప్పు ప్రభావం' అన్న పేరుతో పాఠ్యపుస్తకాల్లోకి చేరింది. పాఠంగా మారిన దానికి అసలు వ్యాసం వివరాలు ఇవ్వాలని అందరికీ తోచదు. ఒక ఫలితం శాస్త్రంలో ఎంతగా కలిసిపోతే దాని మూలాన్ని ఉదహరించడం అంతగా తగ్గుతుందని సమాజశాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ ఏనాడో గుర్తించారు. ఇక్కడ అంకె తగ్గడం ఓటమి కాదు.

నిజామియా అబ్జర్వేటరీ పని ఈ లెక్కకు అందడం ఇంకా కష్టం. ఆకాశాన్ని వేధశాలలవారీగా పంచుకుని ఫొటోలు తీసిన 'కార్ట్ దు సియెల్' పథకంలో హైదరాబాదుకూ ఒక వాటా దక్కింది. టి.పి. భాస్కరన్ వంటి డైరెక్టర్ల హయాంలో గాజు పలకల మీద నక్షత్రాల స్థానాలను ఒక్కొక్కటిగా కొలిచి, సంపుటాలుగా అచ్చువేశారు. పలకల ముందు కూర్చుని కొలిచిన ఆ ఉద్యోగుల్లో ఎందరి పేర్లు మనకు తెలుసు? 2000లో వెలువడిన టైకో-2 కేటలాగు 25 లక్షల నక్షత్రాల కదలికలను లెక్కించినప్పుడు ఆ పాత పథకం కొలతలే ముఖ్య ఆధారం. నక్షత్రం ఎటు కదిలిందో తెలియాలంటే అది నిరుడు కాదు, తాతల కాలంలో ఎక్కడుందో తెలియాలి. ఇవాళ టైకో-2ను వాడేవారు దాని వ్యాసాన్ని ఉదహరిస్తారు. హైదరాబాదు సంపుటాలకు ఆ సైటేషన్ చేరదు.

బప్పు తన నడివయసును సైటేషన్లు రాని పనికే ఇచ్చారని నేననుకుంటాను. 1960లో కొడైకెనాల్ వేధశాల బాధ్యత తీసుకున్నారు. జవ్వాది కొండల్లో కావలూరు వేధశాలను కట్టారు. 1971లో ఆయన సారథ్యంలో భారత ఖగోళభౌతిక సంస్థ ఏర్పడింది. 1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘానికి అధ్యక్షులయ్యారు. 2.3 మీటర్ల దూరదర్శినిని మన దేశంలోనే తయారుచేయాలని పట్టుబట్టి, అది పూర్తికాకుండానే 1982 ఆగస్టు 19న మ్యూనిక్‌లో కన్నుమూశారు. 1986లో దానికి ఆయన పేరే పెట్టారు. ఆ దూరదర్శినితో పరిశీలించి ఒక విద్యార్థి రాసిన వ్యాసం ఎవరి హెచ్-ఇండెక్స్‌లో చేరుతుంది?

ఈ ఊరికే వద్దాం. పండిత రవిశంకర్ శుక్లా విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రంతోపాటు ఖగోళభౌతికశాస్త్రమూ చెబుతారు. అక్కడి ఎస్.కె. పాండే, ఆయన సహచరులు దీర్ఘవృత్తాకార గెలాక్సీల్లోని ధూళిని ఏళ్ళ తరబడి పరిశీలించారు. ఎం.కె. పాటిల్, డి.కె. సాహు, అజిత్ కెంభావీలతో కలిసి ఆయన రాసిన వ్యాసం 2007లో ఆస్ట్రానమీ అండ్ ఆస్ట్రోఫిజిక్స్‌లో వచ్చింది. క్రోమోస్ఫియర్ చురుకుగా ఉన్న నక్షత్రాల మీదా ఇక్కడ పని జరిగింది. అలాంటి నక్షత్రాలను గుర్తుపట్టడానికి విల్సన్, బప్పు కొలిచిన ఆ కాల్షియం వెలుగు ఒక ముఖ్య ఆధారం.

కాబట్టి ఎంపిక కమిటీల్లో కూర్చునే పెద్దలకు నాదొక విన్నపం. దరఖాస్తులో సైటేషన్ల అంకె పక్కన ఇంకో గడి పెట్టండి: కట్టిన పరికరం, కూర్చిన కేటలాగు, తయారుచేసిన విద్యార్థులు. అంకె చూసే ముందు అభ్యర్థి రాసిన ఒక్క వ్యాసమైనా మొదటినుంచి చివరిదాకా చదవండి.