చిల్లరగా మారిన సామ్రాజ్యం

సామ్రాజ్యం పతనం కావడం వేరు, క్షయించడం వేరు. పతనానికి ఒక తేదీ, ఒక కోట, ఓడినవాడి పేరు ఉంటాయి. క్షయం మాత్రం తరాల తరబడి సాగుతుంది. అధికారం చేతులు మారిన చాలాకాలానికి కూడా పాత పాదుషా పేరు నాణెం మీదా ఫర్మానా మీదా నిలిచే ఉంటుంది. అధికారం పోయి ముద్ర మాత్రమే మిగిలిన ఈ స్థితిని ఇక్కడ ‘ముద్రాశేషం’ అని వ్యవహరించడం జరుగుతుంది. పతనాన్ని రాసిన నవలాకారులు అనేకులు; ముద్రాశేషాన్ని రాసినవారు కొద్దిమంది. ఆ కొద్దిమందిలో వట్టికోట ఆళ్వారుస్వామి, దాశరథి రంగాచార్య ఉన్నారన్నది ఈ ఉపన్యాసపు వాదం. దీన్ని ఒప్పుకోని విమర్శకులతో ఉపన్యాసకుడి తగాదా పాతదే.

ఎవరి స్మృతికి ఈ సభ ఏర్పాటైందో ఆ ఉపాధ్యాయుని సేవలను నిర్వాహకులు ఆహ్వానపత్రంలో విపులంగానే పేర్కొన్నారు గనుక ఇక్కడ వాటిని తిరిగి ఏకరువు పెట్టనవసరం లేదు. అరువిచ్చిన పుస్తకంలో పుట మూల మడిచినవారితో ఆయన మాట్లాడడం మానేసేవారన్నది మాత్రం ఆ పత్రంలో లేదు. ఆయన దగ్గరి రంగాచార్య నవల ‘చిల్లర దేవుళ్లు’ ప్రతిలో ఒక మడత ఉపన్యాసకుడిదే; దానికి క్షమాపణ ఇంతవరకు బాకీ ఉంది.

ముద్రాశేషానికి యూరపు ఉదాహరణలు ఉన్నాయి: జోసెఫ్ రోత్ 1932లో ‘రాడెట్జ్కీ మార్చ్’లో ఆస్ట్రియా-హంగరీ చక్రవర్తి చిత్రపటాన్ని ఎక్కడెక్కడ వేలాడదీశాడో, 1958లో వెలువడిన ‘ది లెపర్డ్’లో లాంపెదూసా సిసిలీ ప్రభువుల ఇంటిని ఎలా చూపాడో ఈ సభకు తెలిసినదే. సూరత్‌లో నిలబడి మాట్లాడేటప్పుడు ఆగవలసిన పుస్తకం వేరొకటి. ఈ ఊరి ఇంగ్లీషు పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడైన నందశంకర్ మెహతా, విద్యాశాఖ అధికారి రస్సెల్ ప్రోత్సాహంతో రాసిన ‘కరణ్ ఘేలో’ 1866లో అచ్చయింది. గుజరాతీ నవలా చరిత్ర దానితోనే మొదలవుతుందని చెప్పడం పరిపాటి. వాఘేలా వంశపు చివరి రాజు కరణుడు మంత్రి మాధవుని భార్య రూపసుందరిని అపహరించడం, మాధవుడు పగతో ఢిల్లీ వెళ్లి అల్లావుద్దీన్ ఖల్జీ సేనలను తీసుకురావడం, గుజరాత్ చేజారడం ఇందులోని కథ. అంటే రాజ్యనాశనానికి కారణం రాజు పడకగదిలో దొరికింది. భూమిశిస్తులో గాని, రేవు సుంకంలో గాని వెతకవలసిన పని లేకపోయింది.

ఇందులోని వింత ఏమంటే, నందశంకర్ కాలానికి సూరత్ తన కళ్లముందే ఒక సామ్రాజ్యం కరిగిపోవడాన్ని చూసి ఉంది. మొగలుల ప్రధాన రేవైన ఈ పట్టణపు కోట 1759లోనే ఈస్టిండియా కంపెనీ వశమైంది. 1800 నాటికి పరిపాలన మొత్తం పోయింది. నవాబు బిరుదు మాత్రం 1842 దాకా ఈడ్చుకొచ్చింది. 1806లో మరణించిన షా ఆలం పేరు, ఆయన పాలనలో 46వ ఏట ఆగిపోయిన తేదీ, కంపెనీవారి సూరత్ రూపాయి మీద ఆ తరువాత కూడా కొనసాగాయి. చచ్చిన పాదుషా పేరుతో వర్తకుల కంపెనీ కొట్టిన రూపాయి జేబులో ఆడిన ఊళ్లో పుట్టి, నందశంకర్ 1299 నాటి కోటను ఎంచుకున్నాడు. ఇది తప్పని అనడం కాదు. పతనం కథకు లొంగుతుంది, క్షయం లొంగదు. (అన్నట్టు, ఓడిన కరణుడు చివరకు ఓరుగల్లు ప్రతాపరుద్రుని ఆశ్రయం పొందాడని పద్నాలుగవ శతాబ్దపు చరిత్రకారుడు ఇసామీ రాశాడు. సూరత్ తెలుగువారు పాఠశాలల్లో ఈ మాట చెప్పుకోకపోవడం ఆశ్చర్యమే.)

ఇక అసలు తగాదా. ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’ (1955), రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ (1969) సాయుధ పోరాటానికి ముందటి తెలంగాణను చిత్రించినవి కనుక వాటిని ఉద్యమ నవలల అరలో పెట్టి తాళం వేయడం ఆనవాయితీ అయింది. వాటిని సామ్రాజ్య క్షయపు నవలలుగా చదవడానికి మూడు అభ్యంతరాలు చెబుతారు.

నిజాం చక్రవర్తి కాడు, సంస్థానాధీశుడు మాత్రమేనన్నది మొదటిది. నిజాముల్ముల్క్ మొగలు సుబేదారుగా వచ్చి 1724లో దక్కనులో స్థిరపడ్డాడు. హైదరాబాదు నాణెం మీద ఢిల్లీ పాదుషా పేరు 1857 సంఘటనల తరువాతగాని తొలగలేదు. అలాంటప్పుడు 1948 సెప్టెంబరులో ముగిసింది ఒక సంస్థానమే కాదు, మొగలు ముద్రాశేషంలోని చివరి పెద్ద ముక్క కూడా. ఈ నవలలలో దర్బారు లేదు, ఊరే ఉందన్నది రెండవది. ఊరు ఉన్నందువల్లనే ఇవి ముద్రాశేషపు నవలలు. ‘ప్రజల మనిషి’లో దిమ్మెగూడెం దొర రామభూపాలరావును ఎదిరించే కంఠీరవానికి సింహాసనంతో నేరుగా పనిలేదు. సింహాసనం అతనికి గడీ రూపంలో, వెట్టి రూపంలో ఎదురవుతుంది. మూడవది కొంత బలమైనది: ఆ లెక్కన పల్లెటూరి నవల ప్రతిదీ సామ్రాజ్య నవల అవుతుంది కదా అని. కాదు. దేశ్‌ముఖు, జాగీరు, మక్తా, వతను, జమాబందీ వంటి పాలనా పదాలు కథను నడిపించేచోట మాత్రమే అవుతుంది. తీసేస్తే కథ కూలిపోయే పదాలు అవి.

రంగాచార్య పెట్టిన పేరునే దగ్గరగా చూడవచ్చు. చిల్లర అంటే అల్పమని అర్థం చెప్పి ముందుకు సాగడం మామూలు. కాని చిల్లర అంటే విడగొట్టిన నాణెం కూడా. పెద్ద నోటు పల్లెలో చెల్లదు. దాన్ని విడిపిస్తేనే ఉప్పు, కిరసనాయిలు దొరుకుతాయి. నిజాం ప్రభుత అలాగే దేశ్‌ముఖుగా, కరణంగా విడిపోయి ఊళ్లో చెలామణి అయింది. పెద్ద దేవుడికి బలం తగ్గేకొద్దీ చిల్లర దేవుళ్లకు పూనకం పెరిగింది. క్షయం గురించి ఇంతకంటె కురచగా చెప్పిన సిద్ధాంతం మరొకటి ఉపన్యాసకుడికి కనబడలేదు.

ఇదే ముగింపును పై మెట్టు నుంచి చూసిన నవలాకారుడు కూడా ఉన్నాడు, ఆయన ఈ పక్కనే ఉన్న భరూచ్‌వాడు. పాటణ్ ప్రభువుల వైభవాన్ని నవలలుగా రాసిన కె.ఎం. మున్షీ 1948లో భారత ప్రభుత్వ ఏజెంట్ జనరల్‌గా హైదరాబాదులో ఉండి, ఆ నెలలను 1957లో ‘ది ఎండ్ ఆఫ్ యాన్ ఎరా’ అన్న ఇంగ్లీషు గ్రంథంలో నమోదు చేశాడు. రాయబారాలు, ఉత్తరాలు, మంతనాలు అందులో పుష్కలం. అంతటి కథకుడు దాన్ని నవలగా కాక జ్ఞాపకాలుగా రాయడం యాదృచ్ఛికమని తోసిపుచ్చేవారు ఉంటారు. పై మెట్టు నుంచి చూసినవాడికి 1948 ఒక పతనంగానే కనబడిందని, పతనానికి దస్త్రం చాలునని ఉపన్యాసకుడి అనుమానం.

పతనానికి దస్త్రం చాలితే క్షయానికి ఊరి మాటలు కావాలి; ఈ అనుమానమే ప్రస్తుతం సాగుతున్న పదకోశానికి మూలం. తెలంగాణ నవలలలోని పాలనా పదాలలో గుజరాతీ వ్యవహారంలోనూ ఉన్నవి ఏవో, వాటి అర్థం ఎక్కడ జరిగిందో అందులో నమోదవుతుంది. ఖాతా, జమ, వసూలు, రసీదు, దస్తావేజు రెండు చోట్లా ఉన్నాయి. సర్కారు అన్నది మొగలు సుబాలో ఒక విభాగం. సూరత్ అలాంటి సర్కారే. తరువాత అది ప్రభుత్వానికి పేరైంది. తెలంగాణ పల్లెల నుంచి సూరత్ మరమగ్గాలకు వచ్చిన పద్మశాలి కుటుంబాల పెద్దలకు దొర పోయి సేఠ్ వచ్చినప్పుడు ఈ మాటలలో ఏవి వెంట వచ్చాయో, ఏవి అక్కడే ఆగిపోయాయో పుస్తకాలు చెప్పవు. ద్వారం దగ్గరి బల్ల మీద ఖాళీ చీటీలు ఉన్నాయి. ఒక్కో చీటీ మీద ఒక్క మాట, అది విన్న ఊరి పేరు రాస్తే చాలు. ‘బాంచెన్’ అన్న మాటకు కేటాయించిన చీటీ వెనుక భాగం ఇంకా ఖాళీగానే ఉంది.